ఎంగిలి అంకుల్

మొన్న ఆదివారం సింగపూర్‌లో మా బూన్ లే సూపర్‌మార్కెట్‌లో కందిపప్పు కోసం వెతుకుతుంటే పక్క అరలో ఒక కాఫీ పొట్లం కంటపడింది. దాని మీద ఎర్రటి అక్షరాలతో టెనోమ్ అని ఊరి పేరు. అంతే, కందిపప్పు సంగతి మరిచిపోయాను. పొట్లం ముక్కుకి ఆనించుకుని అక్కడే నిలబడిపోయాను. పక్కనున్న ఆవిడెవరో నన్ను ఎగాదిగా చూసి తన బండిని రెండడుగులు వెనక్కి లాక్కుంది. ఆవిడ తప్పేం లేదు. నడివయసు ఆడమనిషి కాఫీ పొట్లం పట్టుకుని తనలో తాను నవ్వుకుంటుంటే ఎవరైనా అలాగే చేస్తారు.

బోర్నియో కొండల్లో ఉన్న ఆ ఊరికి నన్ను తీసుకెళ్ళినాయన పోయి నాలుగేళ్ళయింది. ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా చాలామందికి తెలియదు. ఆ రోజుల్లో మా కుర్రకారు పెట్టిన పేరు మాత్రం అందరికీ తెలుసు. ఎంగిలి అంకుల్. ఆ పేరు ఆయన చెవిన కూడా పడింది. కోప్పడలేదు సరికదా, బిరుదు ఇచ్చినంత సంబరపడ్డారు.

రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా భయపడి, ఏదీ ఆగకపోయేసరికి రెట్టింపు హుషారుతో మళ్ళీ కంప్యూటర్ల మీద పడిన కాలం అది. మావాళ్ళు వారానికొకరు సూట్‌కేసు నిండా పచ్చళ్ళు సర్దుకుని సింగపూర్‌లో దిగేవాళ్ళు. నేనూ అలాగే తెనాలి నుంచి దిగాను. తంజోంగ్ పగార్‌లో ఆఫీసు, బూన్ లేలో అంకుల్ వాళ్ళ ఫ్లాట్‌లో అద్దెకి ఒక గది. ఇంట్లో అంకుల్, ఆంటీ, నేను, అంతే.

మొదటి రోజు పొద్దున్నే కాఫీ కలుపుకుని, బల్ల మీద పెట్టి, చెప్పులు తొడుక్కుందామని వంగాను. లేచేసరికి నా కప్పు ఆయన చేతిలో ఉంది. తాపీగా ఒక గుక్క తాగి, కప్పు నా చేతికిచ్చి, "సక్కెర తక్కువైనాది పాపా" అన్నారు. నేను నోరెళ్ళబెట్టాను. ఆయన అటు తిరగగానే కాఫీ మొత్తం సింకులో పారబోసి, కప్పుని మూడుసార్లు తోమాను. మా ఇంట్లో ఎంగిలీ మంగలం పట్టింపు అంతా ఇంతా కాదు. మంచినీళ్ళ గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకోవడం నేను నడక కన్నా ముందే నేర్చుకున్నానని మా అమ్మ ఇప్పటికీ గొప్పగా చెబుతుంది.

ఆయన నా ఒక్కదాని కప్పే తాగితే ఏదోలా సర్దుకునేదాన్ని. ఊరందరిదీ తాగేవారు. మా బ్లాకు కింద కాఫీ కొట్టులో చేపలమ్మే చైనా ముసలాయనతో రోజూ కూర్చునేవారు. ఇద్దరి ముందూ చెరో కోపీ. ఆయనది ఈయన ఒక గుక్క, ఈయనది ఆయన ఒక గుక్క. హాకర్ సెంటర్ అనే తిండి కొట్ల దగ్గర ఎవరైనా టిష్యూ పొట్లం పెట్టి చోప్ చేసుకున్న, అంటే తమదని పట్టి ఉంచుకున్న బల్ల దగ్గరికే వెళ్ళి, ఆ సీటు వాళ్ళు వచ్చేదాకా ఎదురుగా కూర్చుని, రాగానే "ఏమి మాకాన్?" అని, అంటే ఏం తింటున్నారని పలకరించి, వాళ్ళ నూడుల్స్ రసం ఒక చెంచా రుచి చూసేవారు. విచిత్రం ఏమిటంటే ఎవరూ తిట్టేవారు కాదు. ముందు బిత్తరపోయేవారు, తరవాత నవ్వేసేవారు, పోయేటప్పుడు చెయ్యి ఊపేవారు.

"సుమ్మా ఉండండి, అమ్మాయి ముందైనా పరువు నిలపండి" అనేది ఆంటీ. మలేషియాలోని జొహోర్ తెలుగింటి పిల్ల ఆవిడ, మాటల్లో సగం అరవం. "ఈ మనిషికి పెళ్ళికి ముందునించే ఉందమ్మా ఈ జబ్బు. పెళ్ళిచూపుల్లో మా నాన్న కప్పులో టీ తాగేసాడు ఈయన. మా నాన్న నాలుగు రోజులు మాట్లాడలేదు."

అంకుల్ మలేషియాలో ఒక రబ్బరు తోటలో పుట్టారు. తాతలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కారు. ఆయన తెలుగు కూడా ఆ ఓడలోనే వచ్చి అక్కడే ఆగిపోయింది. తెలుగు చదవడం, రాయడం రావు. మాట్లాడడం మొదలుపెడితే మాత్రం పట్టపగ్గాలుండవు. వృత్తి సర్వేయరు. జురాంగ్ వైపు కట్టడాలకి కొలతలు తీసేవారు. ఇంటికొచ్చాక కూడా ఆ కొలతలు ఆగేవి కావు. ఒక కన్ను మూసి, బొటనవేలు ఎత్తి, ఎదురుగా ఉన్న దేన్నయినా కొలిచేసేవారు. "ఆ బ్లాకు సూడు, బెత్తెడు పడమరకి ఒరిగింది" అనేవారు. నేను భయపడితే "నీ జీవితంలో పడదులే" అని ధైర్యం చెప్పేవారు.

క్రాంజీ వైపు డార్మిటరీల నుంచి ఆదివారాలు మనవాళ్ళు నలుగురైదుగురు భోజనానికి వచ్చేవారు. పర్మిట్ల మీద వచ్చి షిప్‌యార్డుల్లో, కట్టడాల్లో పనిచేసేవాళ్ళు. ఒకసారి కరీంనగర్ వైపు వెల్డరు ఒకతను మొదటిసారి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి లోపలికి రావడానికి సంకోచిస్తున్నాడు. ఆంటీ మజ్జిగ ఇచ్చింది. అతను సగం తాగాక అంకుల్ మామూలుగా చెయ్యి చాచి, ఆ గ్లాసు తీసుకుని, మిగిలిన దాంట్లో ఒక గుక్క తాగి తిరిగి ఇచ్చేశారు. అతను గ్లాసు పట్టుకుని కదలకుండా ఉండిపోయాడు. తరవాత చేతులు కడుక్కునే చోట నాతో మెల్లగా అన్నాడు.

"అక్కా, మా ఊర్ల హోటల్ల మాకు గ్లాసు బయట చూరుకు వేలాడదీస్తరు. మేం తాగి మేమే కడిగి పెట్టాలె. ఈ అంకుల్ ఏందక్కా, నేను తాగిన గ్లాసుల తాగిండు? ఎరుకనేనా ఆయనకు?"

ఆ సాయంత్రం మా అంకుల్ మీద మొదటిసారి గౌరవం కలిగింది. మర్నాడు పొద్దున ఆయన నా కప్పులో గుక్క తాగాక కాఫీ పారబోయలేదు. అలాగని తాగనూ లేదు. కప్పు బల్ల మీద వదిలేసి ఆఫీసుకి పరిగెత్తాను.

అసలు సంగతి బయటపడింది ఇంటర్నెట్ వచ్చాకే. ఇంటి నుంచి కూడా పని చేయాలని మా కంపెనీ నాకు మోడెమ్ ఇచ్చింది. అది కీచుమని అరిచి, గరగరలాడి, కాసేపటికి లోకంతో కలిసేది. అంకుల్‌కి ఆ చప్పుడంటే మహా ఇష్టం. ఒక శనివారం కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చున్నారు.

"పాపా, ఈ పెట్టెలో మనుసులు దొరుకుతారంట, నిజమేనా?"

"ఎవరు కావాలి అంకుల్?"

ఆయన బొటనవేలు ఎత్తి గోడ మీద క్యాలెండర్‌ని కొలిచారు. దించేశారు. ఆ తరవాత చెప్పారు.

ముప్పై ఏళ్ళ కిందట ఆయన సర్వే కుర్రాడిగా బోర్నియోలో, సబా ప్రాంతంలో, టెనోమ్ అనే కొండ ఊరికి వెళ్ళారు. అక్కణ్ణుంచి లోపలికి రోడ్డు వేయడానికి గీత పెట్టే పని. ఆ కొండలు మురుట్ అనే ఆదివాసులవి. అడవి నరికి దారి చేయడానికి ఒక మురుట్ యువకుణ్ణి తోడిచ్చారు. రెండేళ్ళు ఇద్దరూ ఒకే డేరాలో పడుకున్నారు. జలగలు పట్టిన కాళ్ళు ఒకరివి ఒకరు శుభ్రం చేసుకున్నారు. ఏరు పొంగినప్పుడు అతను ఈయన్ని భుజాల మీద మోసి దాటించాడు. ఆ స్నేహితుడికి పెళ్ళి కుదిరింది. ఈయన్ని పెద్ద చుట్టంగా పిలిచాడు.

"ఆళ్ళ ఇళ్ళలో జాడీ ఉంటాది పాపా. బియ్యంతోనో కర్రపెండలంతోనో కల్లు పెడతారు. ఒకటే ఎదురు బొంగు గొట్టం. ముందు ఇంటాయన తాగి, అదే గొట్టం సుట్టానికిస్తాడు. అదే మర్యాద. ఆడు తాగి నాకిచ్చాడు. నానేటి సేసానో తెల్సా?"

"ఏం చేశారు?"

"జేబులోంచి రుమాలు తీసి గొట్టం తుడిసాను. కావాలని కాదు పాపా. మా నాయనమ్మ పెంపకం. సెయ్యి దానంతటదే పోనాది. కంచు గంటలు వాయించేవోళ్ళు ఆపేసారు. వందమంది నన్నే సూస్తన్నారు. ఆడు గొట్టం నా సేతిలోంచి తీసుకుని, మద్దెకి ఇరిసేసి, జాడీ మీద ఆకు కప్పేసాడు. ఒక్క మాట అన్లేదు. తెల్లారి పనికి ఇంకో మనిసి వొచ్చాడు."

తరవాత ఈయనకి బదిలీ అయింది. రెండు ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. ఆ రోజు నుంచి ఎవరి కప్పు కనిపించినా తాగడం మొదలుపెట్టారట. "మళ్ళీ నా సెయ్యి రుమాలు కోసం పోకూడదు గదా" అన్నారు. కాఫీ పారబోసి మూడుసార్లు తోమిన నా కప్పు గుర్తొచ్చి, సిగ్గుతో తల తెర వైపు తిప్పేసుకున్నాను.

ఇక నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. సబా వాళ్ళ చర్చా పేజీలు వెతికి, కనిపించిన ప్రతిచోటా ఆ స్నేహితుడి పేరు, ఊరు, రోడ్డు పని సంగతి రాసి పెట్టాను. ఆఫీసులో కోడు రాయాల్సిన గంటల్లో కూడా అదే పని. ఐదో వారం జవాబు వచ్చింది! టెనోమ్ స్కూల్లో పాఠాలు చెప్పే ఒకావిడ రాసింది. ఆయన కూతురట. ఇంగ్లీషులో నాలుగే ముక్కలు. నాన్న బతికే ఉన్నారు. మీ సందేశం చదివి వినిపించాను. వినగానే లేచి, అమ్మని జాడీ పెట్టమన్నారు.

నేను హాల్లోకి పరిగెత్తి ఆ చివరి వాక్యం అరిచి చెప్పాను. అంకుల్ సోఫాలోంచి లేచి, కూర్చుని, మళ్ళీ లేచారు.

"జాడీ పెట్టమన్నాడా? ఎవరి కోసమో సెప్పాడా?"

"చెప్పలేదంట."

"కోపం ఉన్నోడు జాడీ పెట్టమంటాడేటి? పెట్టమనడు. పెట్టమంటాడా ఏటి?" ఆ ప్రశ్న వారం రోజులు ఇంట్లో తిరిగింది. ఆఖరికి ఆంటీ విసిగిపోయి, "టిక్కెట్లు తియ్యి అమ్మా, అక్కడికే వెళ్ళి అడుగుతాడు. నువ్వూ రా. నా ఒక్కదాని వల్ల కాదు ఈ మనిషిని పట్టుకోవడం" అంది. నేను ఎగిరి గంతేశాను. ఉద్యోగంలో చేరాక అదే నా మొదటి సెలవు.

విమానంలో కోట కినబాలు, అక్కణ్ణుంచి బ్యూఫోర్ట్, అక్కడ చిన్న రైలు. ఆ రైలు ప్రయాణం గురించి చెప్పమంటే ఒక పూట పడుతుంది. ఒకవైపు కొండ, ఇంకోవైపు ఎర్రగా ఉరకలేసే పాదాస్ నది, మధ్యలో మనిషి పట్టేంత సందులో రైలు. చెట్ల కొమ్మలు కిటికీలోంచి లోపలికొచ్చి మమ్మల్ని కొట్టి పోయేవి. దారిలో మేకని పట్టుకుని ఒకాయన ఎక్కాడు. అంకుల్ ఐదు నిమిషాల్లో ఆయన సీసాలో నీళ్ళు తాగేశారు. నేను తల కిటికీ బయటపెట్టి కేకలు వేశాను. ఆంటీ నా చున్నీ కొస పట్టుకుని కూర్చుంది.

టెనోమ్‌లో దిగగానే ఊరు ఊరంతా కాఫీ గింజలు వేయించే వాసన! చుట్టూ కొండలు, మధ్యలో పళ్ళెంలాంటి మైదానం, రెండు వరసల కొట్లు. అంకుల్ ప్లాట్‌ఫారం మీద నిలబడి బొటనవేలు ఎత్తి ప్రతి కొండనీ పలకరించారు. స్నేహితుడి కూతురు పికప్ వేసుకుని వచ్చింది. నవ్వుమొహం, గలగలా మాటలు. ఆవిడ బండి తోలుతుంటే అంకుల్ ముందు సీట్లో కూర్చుని రోడ్డు మీదికి వంగిపోయారు.

"ఇది నా గీతే! ఈ వంపు నాదే! అదిగో, అక్కడ నీళ్ళు నిలబడిపోనాయి. ఆ రోజే సెప్పాను మా ఆఫీసరుకి, ఇన్లేదు!"

మురుట్ వాళ్ళు ఇప్పుడు ఎక్కువగా ఎవరి ఇళ్ళలో వాళ్ళు ఉంటున్నా, ఆ పల్లెలో పండగలకీ చుట్టాలకీ పాత పద్ధతిలో కట్టిన పొడుగాటి ఇల్లు ఒకటి ఉంది. స్తంభాల మీద నిలబడిన ఇల్లు, నిచ్చెన ఎక్కి పోవాలి. లోపల ముప్పై నలభై మంది ఉన్నారు. ఆ స్నేహితుడు మాత్రం లేడు. చేపల కోసం ఏటికి పోయాడని ఆయన భార్య చెప్పింది. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి. నల్ల బట్టల మీద పూసల పట్టీలు వేసుకుని, నడుమెత్తు జాడీ పక్కన చెంబు పట్టుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి తల ఊపింది కానీ నవ్వలేదు.

"కావాలనే పోయాడు" అన్నారు అంకుల్ తెలుగులో. ఆయన నుదుటి మీద చెమట.

నన్ను మాత్రం ఆ కూతురు చెయ్యి పట్టుకుని ఇంటి మధ్యకి లాక్కుపోయింది. అక్కడ నేలలో గదంత మేర పలకలు వేరుగా బిగించారు. కింద వంగే పెద్ద వాసాలున్నాయట. దాన్ని లన్సరన్ అంటారు. పదిమంది చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి, పాడుతూ ఒకేసారి మోకాళ్ళు వంచితే నేల కిందికి పోయి, పైకి లేపుతుంది. పైన ఇంటి దూలం నుంచి పూసల దండ ఒకటి వేలాడుతోంది. ఎగిరి దాన్ని అందుకున్నవాళ్ళదే గెలుపు. నన్ను మధ్యలో నిలబెట్టి చుట్టూ నేలని తొక్కారు. ఒకటి, రెండు, మూడు, నేను గాల్లో ఉన్నాను! జడ ఊడిపోయింది, చున్నీ ఎటో పోయింది, గొంతు పోయేలా అరిచాను. దండకి జానెడు దూరంలోకి వెళ్ళి చతికిలపడ్డాను. అందరూ చప్పట్లు కొట్టారు. అంత నవ్వు నేను తెనాలిలోనూ నవ్వలేదు, సింగపూర్‌లోనూ నవ్వలేదు.

ఆ నవ్వుల మధ్యే నిచ్చెన మీద అడుగుల చప్పుడైంది. చేపల గుత్తి పట్టుకుని ఒక ముసలాయన లోపలికొచ్చాడు. తెల్ల జుట్టు, బండరాళ్ళలాంటి పిక్కలు. చేపలు పక్కన పెట్టి, అంకుల్ ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. ఇద్దరూ మలయ్‌లో మాట్లాడుకున్నారు. కూతురు నా చెవిలో ఇంగ్లీషులో చెబుతూ పోయింది.

"మన గీత మీదే వచ్చావా?" అన్నాడాయన.

"దాని మీదే. వంపు దగ్గర నీళ్ళు నిలుస్తున్నాయి."

"నువ్వు పెట్టిన వంపే."

"నేను పెట్టింది కాదు, నువ్వు నరికింది. నేను ఎడమకి నరకమన్నాను."

"ఎడమ వైపు మా తాతల సమాధులున్నాయి."

"ఆ మాట అప్పుడు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు."

అక్కడితో మాటలైపోయాయి. ఆయన జాడీ దగ్గరికి జరిగాడు. జాడీ మూతికి అడ్డంగా ఒక పుల్ల, దాని నుంచి కిందికి వేలెడంత ఇంకో పుల్ల. లోపల పులిసిన సరుకు మీద నిండా నీళ్ళు పోస్తే ఆ కింది పుల్ల మునుగుతుంది. వంతు వచ్చినవాళ్ళు అది బయటపడేదాకా తాగాలి. భార్య చెంబుతో నీళ్ళు పోసింది. ఆయన జాడీలో ఉన్న వెదురు గొట్టం నోట పెట్టుకుని ఆగకుండా తాగాడు. పుల్ల బయటపడింది. అంకుల్ రెండు చేతులూ చాచారు, ముప్పై ఏళ్ళ నుంచి చాచి ఉంచినట్టు.

ఆయన ఆ గొట్టం ఇవ్వలేదు. వెనక్కి తిరిగి అరటాకు పొట్లం ఒకటి తీసి విప్పాడు. అందులో మూడు కొత్త వెదురు గొట్టాలు, అప్పుడే కోసినట్టు పచ్చగా. ఒకటి ఆంటీకి, ఒకటి నాకు, ఒకటి అంకుల్‌కి ఇచ్చాడు.

నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. బతికిపోయాను, ఎవరి ఎంగిలీ తాగక్కర్లేదు అనుకున్నాను. అప్పుడు అంకుల్ వైపు చూశాను. చూరుకి వేలాడే గ్లాసు గురించి చెప్పిన వెల్డరు మొహం, అంకుల్ మొహం ఒక్కటిగా కనిపించాయి.

"సూసావా" అన్నారు ఆంటీతో. "నాకు ఏరే గ్లాసు పెట్టేసాడు."

ఆంటీ ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. అంకుల్ కొత్త గొట్టాన్ని చాప మీద పెట్టి, మలయ్‌లో అడిగారు. "నీ గొట్టం నాకివ్వవా?"

"అది నేను తాగింది. నీకు పనికిరాదు కదా."

"ముప్పై ఏళ్ళయినా మరిచిపోలేదన్నమాట."

"ఎలా మరిచిపోతాను?" అన్నాడు ఆ పెద్దాయన. "నా పెళ్ళికి వచ్చిన స్నేహితుణ్ణి నలుగురి ముందూ ఇబ్బంది పెట్టాను. రెండేళ్ళు ఒకే డేరాలో ఉండి, మీవాళ్ళు ఎలా తాగుతారో ఒక్కసారైనా అడగలేదు. సిగ్గేసి గొట్టం విరిచేశాను. తెల్లారి నీకు మొహం చూపించలేక కొండెక్కాను. నీ ఉత్తరాలొచ్చినా విప్పే ధైర్యం లేకపోయింది. తరవాత టెనోమ్‌లో బట్టల కొట్టు భారతీయుణ్ణి అడిగాను. మీరు ఒకరు తాగింది ఒకరు తాగరని చెప్పాడు. అందుకే ఈసారి నీకోసం పొద్దున్నే ఏటి ఒడ్డుకి పోయి కొత్తవి కోసుకొచ్చాను. చేపలు దారిలో పట్టాను."

కూతురు ఆ మాటలు నాకు చెప్పడం పూర్తికాకముందే అంకుల్ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు, రెండూ అనుకుంటాను. కళ్ళు తుడుచుకుంటూ, ఆ రోజు నుంచి తాను ఎవరెవరి కప్పుల్లో తాగారో వరసగా చెప్పారు. చేపల ముసలాయన, హాకర్ సెంటర్ జనం, మామగారి టీ, ఈ అమ్మాయి కాఫీ, పొద్దున రైల్లో మేక మనిషి నీళ్ళు.

పెద్దాయన శ్రద్ధగా అంతా విన్నాడు. కనుబొమలు పైకి లేచాయి.

"అందరిదీనా?" అన్నాడు. "ఛీ! శుభ్రం లేదా నీకు?"

ఇల్లంతా పగలబడి నవ్వింది. ఆంటీ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను చాప మీద దొర్లాను. నవ్వనిది ఒక్కరే. జాడీ పక్కన కూర్చున్న ఆవిడ. చెంబు ఠక్కున కింద పెట్టి, తన భాషలో మాట్లాడడం మొదలుపెట్టింది. భర్త తల దించుకున్నాడు. నవ్వులన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. కూతురు చెప్పడానికి కాస్త తటపటాయించింది.

"అమ్మ అంటోంది, మీ ఇద్దరికీ సిగ్గేసింది, సరే. ఆ రోజు జాడీ ఎవరిది? నా పెళ్ళికి నేను నా చేతులతో పెట్టుకున్న మొదటి జాడీ అది. చుట్టాలు తాగాక ఇంటివాళ్ళు, ఆఖరికి పెళ్ళికూతురు తాగాలి. నా వంతు రాకుండానే ఆకు కప్పేసి లేచిపోయారు. పాట ఆగింది, ఆట ఆగింది. ఒక్కదాన్నే కూర్చుని పులిసినదంతా పందుల తొట్టిలో పోశాను. ఇన్నేళ్ళలో ఈయన నీ గురించి బాధపడ్డాడు. నువ్వు ఈయన గురించి బాధపడ్డావు. నన్ను ఎవరైనా అడిగారా? అంటోంది."

అంకుల్ నాకు చెప్పిన కథలో రుమాలుంది, గొట్టముంది, ఆగిపోయిన గంటలున్నాయి. పెళ్ళికూతురు లేదు. నేను వెతికి వెతికి పేజీల్లో రాసిన దాంట్లోనూ లేదు. ఎంత సందేశం రాశాను, ఆవిడ మాట ఒక్కటీ రాయలేదు! నా చెవులు వేడెక్కిపోయాయి.

అంకుల్ మోకాళ్ళ మీద జరుగుతూ ఆవిడ ముందుకి వెళ్ళారు.

"తప్పు నాది. ఇప్పుడేం చేయమంటావమ్మా?" అని మలయ్‌లో అడిగారు.

ఆవిడ కాసేపు ఆయన్ని ఎగాదిగా చూసింది. మా ముగ్గురి దగ్గరా కొత్త గొట్టాలు లాక్కుని వెనక్కి పడేసింది. జాడీలో ఉన్న గొట్టాన్ని అంకుల్ వైపు తిప్పి, నీళ్ళు పోసింది. పుల్ల మునిగింది.

"తాగు" అంది. ఆ ఒక్క మలయ్ మాట నాకూ అర్థమైంది.

అంకుల్ తాగారు. పుల్ల బయటపడింది. ఇంట్లోవాళ్ళంతా ఒక్క కేక పెట్టారు. కంచు గంటలు మొదలయ్యాయి. ఆవిడ మళ్ళీ నీళ్ళు పోసింది. ఈసారి ఆంటీ. ముట్టుకుని పెదవికి ఆనించుకున్నా చాలు, అదీ మర్యాదే అని కూతురు చెబుతూనే ఉంది. "నువ్వుండమ్మా, ఆవిడ పెళ్ళి జాడీ" అని ఆంటీ కళ్ళు మూసుకుని ఒక్క పట్టున పుల్ల తేల్చేసింది. ఇంకో చెంబు. నా వంతు. గొట్టం కొస తడిగా ఉంది. మా అమ్మ, ఎత్తి పోసుకునే గ్లాసు, అన్నీ ఒక్క క్షణం కళ్ళ ముందు కదిలాయి. నోట పెట్టుకున్నాను. పుల్లగా, తియ్యగా, గోరువెచ్చగా గొంతులోకి దిగింది. పుల్ల బయటపడేసరికి నా కళ్ళ వెంట నీళ్ళు, చెవుల నిండా గంటలు, ఒళ్ళంతా సంబరం.

ఇంటివాళ్ళ వంతులూ అయ్యాయి. లన్సరన్ మీద పిల్లా పెద్దా ఎగురుతున్నారు, ఇల్లు ఊగుతోంది. అప్పుడు ఆవిడ చెంబుని మొగుడి చేతిలో పెట్టింది. పెద్దాయన ఏమీ అనకుండా వంగి నీళ్ళు పోశాడు. అంకుల్ రెండు చేతులతో గొట్టం పట్టుకుని ఆవిడ వైపు తిప్పారు. ఆవిడ పూసల పట్టీ సర్దుకుంది, కొత్త పెళ్ళికూతురిలా ఒకసారి అందర్నీ చూసి, గొట్టం నోట పెట్టుకుంది.

పుల్ల బయటపడింది. అందరూ కేకలేశారు. ఆవిడ ఆగలేదు.